చెట్ల లెక్క, నమ్మకం లెక్క
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ మైకు దగ్గరకు వచ్చి పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్పి దిగిపోతాం. ఆ లెక్కలన్నీ నివేదికలో అచ్చయ్యే ఉన్నాయి. అందుకని ఈసారి మాకిచ్చిన సమయాన్ని కార్బన్ క్రెడిట్ల గురించి చెప్పడానికి వాడుకుంటాం. ఎందుకంటే మన మండలంలో కొన్ని ఊళ్లకు "కార్బన్ కంపెనీ" అని చెప్పుకుంటూ ఇప్పటికే మనుషులు వచ్చి వెళ్లారు. మా ఊరికీ వచ్చారు. రేపు మీ ఊరికి రావచ్చు. వాళ్లు రాకముందే మనం నాలుగు సంగతులు తెలుసుకోవాలి. అందులో మా సంఘం చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచకుండా చెబుతాం.

వచ్చినాయన చొక్కా ఇస్త్రీ నలగలేదు. బండి మీద కొండ కింద దాకా వచ్చి, రచ్చబండ దగ్గర కూర్చుని, "మీ చెట్లు కొట్టక్కర్లేదమ్మా, కాయ కూడా మీదే, గాలి ఒక్కటే మేం కొంటాం" అన్నాడు. ముందు మేమంతా నవ్వాం. గాలి కొనడమేమిటని. తర్వాత ఇంగ్లీషులో ఉన్న కాగితాలు తీశాడు. ముప్పై ఏళ్ల ఒప్పందం. పట్టా నకలు, ఆధార్ నకలు, సంతకం కావాలన్నాడు. మా చెట్ల రిజిస్టరు కూడా అడిగాడు. మేం వారం గడువు అడిగాం. ఆ వారంలో శిక్షణలకు వెళ్లి వచ్చినవాళ్లని అడిగాం, పేపర్లు చదివించుకున్నాం, పిల్లల చేత ఫోన్లో వెతికించాం. అప్పుడు తెలిసినవి ఇవి.

చెట్టు పెరిగేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని కట్టెగా, వేరుగా, ఆకుగా మార్చుకుంటుంది. ఆరిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. వేరూ కొమ్మలూ కలిపి సుమారు అయిదున్నర క్వింటాళ్ల ఆరిన కట్టె అయ్యేంత పెరిగితే, గాలిలోంచి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తీసినట్టు లెక్క. ఆ ఒక టన్నుకు ఒక క్రెడిట్. విమానాలు, ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద కంపెనీలు పొగ వదులుతాయి కదా. కొన్ని కంపెనీలు చట్టం అడగకపోయినా తమంతట తాము "మా పొగకు బదులు ఇన్ని క్రెడిట్లు కొన్నాం" అని చెప్పుకుంటాయి. తమంతట తామే కొంటాయి కనుక దీన్ని స్వచ్ఛంద మార్కెట్ అంటారు.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. మన జీడిపిక్కలు కొనే షావుకారు గింజ పట్టుకుని చూస్తాడు, కొరికి చూస్తాడు, తూకం వేస్తాడు. కార్బన్ కొనేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆయన ఎక్కడో వేరే దేశంలో ఉంటాడు. ఈ కొండను ఎప్పుడూ చూడడు. ఆయన కొనేది మన పుస్తకంలో రాసిన మాటని. ఆ మాట తప్పయితే ఆయన దగ్గర మిగిలేది ఒట్టి కాగితం.

ఇది మనలాంటి ఆడవాళ్లకు కొత్త కూడా కాదు. ఆదిలాబాద్ వైపు జైనూర్ మండలంలో పవర్‌గూడ అని గోండుల ఊరుంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, కానుగ గింజల నూనె మిల్లు నడిపారు. 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘాలకు 645 డాలర్లు ఇచ్చింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశానికి మనుషులు వెళ్లి రావడానికి అయిన పొగకు బదులుగా 147 టన్నుల లెక్క కొనుక్కుంది. డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో తగ్గే పొగ అది. అప్పటి మారకంలో మొత్తం ముప్పై వేల రూపాయల లోపే. అది అడవిని కాపాడిన లెక్క కాదు, నూనె లెక్క. డబ్బు కూడా పెద్దదేం కాదు. కానీ చదువు పెద్దగా లేని ఆడవాళ్ల సంఘం మాటను నమ్మి, పదేళ్ల పనికి డబ్బు ముందే ఇచ్చారు. ఆ నమ్మకం గొప్పది.

మన అరకు లోయలోనూ ఉంది. అక్కడ నాంది ఫౌండేషన్‌తో కలిసి లైవ్‌లీహుడ్స్ కార్బన్ ఫండ్ అనే సంస్థ గిరిజన రైతులతో కాఫీ, పండ్ల మొక్కలు, నీడ చెట్లు లక్షల్లో నాటించింది. మొక్కల ఖర్చు ముందుగా పెట్టుబడిదారులు పెట్టారు. పండు, కాఫీ రైతువి. ఏళ్ల తరబడి వచ్చే కార్బన్ క్రెడిట్లు పెట్టుబడి పెట్టినవాళ్లవి. అంటే రైతు చేతికి కార్బన్ డబ్బు నోట్లుగా రాదు, చెట్టుగా వస్తుంది. ఇలాంటి పద్ధతి కూడా ఒకటుందని తెలిసి ఉండాలి. ఎందుకంటే మా ఊరికొచ్చినాయన "ఏటా బ్యాంకులో డబ్బు పడుతుంది" అనే ఒక్క మాటే చెప్పాడు.

మరి ఇంత మంచిదైతే భయమెందుకు అంటారేమో. ఈ బజారులో నమ్మకం ఒకసారి గట్టిగా దెబ్బతింది. 2023 జనవరిలో బ్రిటన్‌లోని గార్డియన్ పత్రిక, జర్మనీలోని డీ జైట్ పత్రిక, సోర్స్ మెటీరియల్ అనే విలేకరుల సంస్థ కలిసి ఒక పరిశోధన బయటపెట్టాయి. క్రెడిట్లకు ముద్ర వేసే సంస్థల్లో పెద్దది వెర్రా. అది ఒప్పుకున్న వర్షారణ్యాల క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజంగా పొగ తగ్గించినవి కావని అవి రాశాయి. వెర్రా ఆ లెక్క కట్టిన పద్ధతే తప్పని ఖండించింది. అదే ఏడాది అక్టోబరులో ఆఫ్రికాలోని జింబాబ్వేలో కరీబా అనే పెద్ద అడవి ప్రాజెక్టు నుంచి, దాని క్రెడిట్లు అమ్మిన స్విట్జర్లాండ్ కంపెనీ సౌత్ పోల్ తప్పుకుంది. "మేం లేకపోతే ఇంత అడవి నరికేసేవారు" అని మొదట్లో వేసిన అంచనా, తర్వాత జరిగినదానికన్నా చాలా ఎక్కువని విమర్శలు వచ్చాయి. డబ్బు అక్కడి ఊళ్లకు ఎంత చేరిందని కూడా ప్రశ్నలు వచ్చాయి.

దాని ఫలితం చూడండి. ప్రపంచం మొత్తం మీద ఈ స్వచ్ఛంద కార్బన్ వ్యాపారం 2021లో సుమారు 200 కోట్ల డాలర్లు. 2023కి అది 72 కోట్ల డాలర్లకు పడిపోయింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. సంతలో ఒకరు పాలల్లో నీళ్లు కలిపారని తెలిస్తే ఆ రోజు అందరి పాలూ మిగిలిపోతాయి కదా, అలాగన్నమాట. నిజంగా చెట్లు పెంచినవాళ్లకీ ఆ దెబ్బ తగిలింది.

అందుకే ఇప్పుడు కొనేవాళ్లు గట్టి ప్రశ్నలు వేస్తున్నారు. అవి మన సంఘం భాషలో చెప్పుకుంటే మనకు కొత్తవేం కావు.

మొదటిది, ఇది అదనపు పనేనా అని. గేదె కొంటానని అప్పు తీసుకుని, పాకలో ముందు నుంచి ఉన్న గేదెనే చూపించినవాళ్లు మనలో లేరా? ఆస్తి చూడ్డానికి వెళ్లిన కమిటీకి తెలుసు ఆ సంగతి. కార్బన్‌లోనూ అంతే. డబ్బు వచ్చినా రాకపోయినా ఎలాగూ ఉండే చెట్టుని చూపిస్తే కొనేవాడికి ఒరిగిందేమీ లేదు. కార్బన్ డబ్బు వల్ల కొత్తగా నాటిందో, నరకకుండా ఆగిందో దానికే లెక్క.

రెండోది, ఎంతకాలం నిలుస్తుంది అని. చెట్టు తీసుకున్న కార్బన్ చెట్టు కాలితే మళ్లీ గాలిలోకే పోతుంది. 2021లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో వచ్చిన బూట్‌లెగ్ కార్చిచ్చులో క్రెడిట్లు అమ్మిన అడవి కూడా కాలిపోయింది. మనకు కార్చిచ్చే కాదు, తుపాను కూడా ఉంది. 2018లో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడితోటలను, కొబ్బరితోటలను ఎలా పడగొట్టిందో మనలో చాలామంది చుట్టాలింట్లో చూశారు. అందుకే మంచి పద్ధతిలో కొన్ని క్రెడిట్లు అమ్మకుండా పక్కన పెడతారు. వచ్చిన గింజలన్నీ వండుకోకుండా విత్తనానికి కొంత దాస్తాం కదా, అలా.

మూడోది, ఇక్కడ ఆపిన నరుకుడు పక్కకు పోయిందా అని. మన కొండకు కంచె కట్టి, పొయ్యిలో కట్టెల కోసం గెడ్డ అవతలి కొండ నరికితే, కాపాడింది ఏముంది?

నాలుగోది, ఒకే దాన్ని ఇద్దరికి అమ్మారా అని. అందుకే ప్రతి క్రెడిట్‌కూ నంబరు ఉంటుంది. కొన్నవాడు తన పొగకు బదులుగా వాడుకున్నానని చెప్పుకున్నాక ఆ నంబరు రద్దయిపోతుంది. చెక్కు ఒకసారి పాసయ్యాక మళ్లీ బ్యాంకులో వేయలేం కదా. మనవైపు నుంచి చెప్పాలంటే, ఒకే చెట్టును ఈ ఏడాది ఒక కంపెనీకి, వచ్చే ఏడాది ఇంకో కంపెనీకి రాయించకూడదు. ఆశపడి అలా సంతకం పెడితే ఆ తర్వాత మన మండలం మొత్తం మాట పోతుంది.

ఈ లెక్కలు చూడడానికి అటు కంపెనీకీ ఇటు మనకూ చెందని మూడో మనిషి వస్తాడు. టేపు పెట్టి ఛాతీ ఎత్తులో చెట్టు చుట్టుకొలత తీస్తాడు. కొన్ని చోట్ల చూసి, పుస్తకంతో పోల్చుకుంటాడు. మన పుస్తకాలకు ఆడిట్ ఉన్నట్టే.

ఇక మా తప్పు చెబుతాం.

మూడు వానాకాలాల కిందట మా ఊరి కొండ వాలులో, అటవీ హక్కు పట్టా భూముల్లో, మా సంఘాల సభ్యులు జీడిమామిడి, మామిడి మొక్కలు నాటారు. మొత్తం 1,200 మొక్కలు. బతికిన మొక్కకే నీటి డబ్బులు, కాపలా డబ్బులు వచ్చే పద్ధతి. లెక్క రాసే పని మా గ్రామ సంఘానిది. మొదటి ఏడాది తిరిగి రాశాం. రెండో ఏడాది ఎండల్లో కొండ ఎక్కలేక, ఇంటి దగ్గర కూర్చుని ఒక్కొక్కరినీ "నీవి ఎన్ని బతికాయమ్మా" అని అడిగి రాసేశాం. ఎవరు మాత్రం చచ్చాయని చెబుతారు? పుస్తకంలో 1,180 పడింది. కింద మా సంతకాలు, స్టాంపు.

కార్బన్ ఆయన రిజిస్టరు అడిగినప్పుడు ఆ పుస్తకమే బయటకు తీశాం. గ్రామ సంఘం మీటింగులో చదువుతుంటే, సంతకం రాని ఒక పెద్దమ్మ వేలిముద్ర డబ్బా పక్కన పెట్టి అడిగింది. "నా గట్టు మీద యాభై రాశారు. నాకు తెలిసి పాతికకు మించి లేవు. మిగతా పాతికా మీరు ఎక్కడ చూశారే?" అని. ఎవరూ మాట్లాడలేదు. "లేని మొక్కని అమ్మి వచ్చిన డబ్బు ఎవరు తింటారు, నేనా మీరా?" అని మళ్లీ అడిగింది.

మర్నాడు పొద్దున్నే చద్దన్నం మూట కట్టుకుని మేం తొమ్మిదిమంది కొండెక్కాం. మూడు రోజులు తిరిగాం. బతికిన మొక్కకు ఎర్ర దారం కట్టుకుంటూ, ఒకరు పిలుస్తుంటే ఒకరు రాశాం. చెదలు తిన్నవి ఉన్నాయి, మేకలు కొరికినవి ఉన్నాయి, గుంత మాత్రమే మిగిలినవి ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం కూడితే 704 వచ్చింది. మళ్లీ కూడాం. 704.

ఆ అంకె ఊళ్లో చెప్పేసరికి గొడవయింది. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు బయటపెట్టారు, వచ్చే డబ్బు పోగొట్టారు" అన్నారు. ఒక చెల్లి కూతురి కాలేజీ ఫీజు ఆ డబ్బు మీదే పెట్టుకుంది. ఆమె మాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఎక్కువ రాసి తీసుకున్న డబ్బును తర్వాత వచ్చే దాంట్లో మినహాయించుకోమని మేమే రాసిచ్చాం. ఆ చెల్లి ఫీజుకు సంఘం అంతర్గత అప్పు ఇచ్చాం. వేరే దారి లేకపోయింది. తప్పు సభ్యులది కాదు, కొండెక్కకుండా సంతకం పెట్టిన మాది. అది తీర్మానంలోనూ రాశాం.

వారం తర్వాత కార్బన్ ఆయన వచ్చాడు. కొత్త లెక్క చూపించాం. ఆయన ముఖం మాడిపోయింది. "ఇది ఎవరికీ చూపించకండమ్మా. పాత పుస్తకమే ఉంచండి. పైవాళ్లు ఎవరూ కొండెక్కరు" అన్నాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కొనేవాడిని మోసం చేయమని చెప్పే మనిషి, రేపు మనల్ని మాత్రం ఎందుకు వదులుతాడు? కాగితాలు తిరిగి ఇచ్చేశాం. టీ ఇచ్చి పంపించాం.

అక్కా, దీనివల్ల కార్బన్ అంతా మోసమని మేం చెప్పడం లేదు. ఆ 704 మొక్కలు నిజంగా ఉన్నాయి. ఇప్పుడు నడుం ఎత్తు దాటాయి. సరైన మనిషి వస్తే మా పుస్తకం పట్టుకుని కొండెక్కించి చూపించగలం. అది మాకు ఇప్పుడున్న ధైర్యం. 1,180 పుస్తకంతో ఆ ధైర్యం ఉండేది కాదు, ఆడిట్ అంటే గుండె దడే ఉండేది.

మన అమ్మల సంగతి గుర్తు చేసుకుందాం. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టినప్పుడు, తాకట్టు లేని ఆడవాళ్లకు అప్పేమిటి అన్నవాళ్లే ఎక్కువ. భూమి కాగితం లేదు, బంగారం లేదు. వాళ్ల దగ్గరున్నవి మినిట్స్ పుస్తకం, పొదుపు పుస్తకం, వారం వారం సమావేశం. ఆ పంచసూత్రాలు చూసే ఇవాళ బ్యాంకు మేనేజర్లు మనకు లక్షల్లో అప్పు ఇస్తున్నారు. 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్లు ఇంటి ముందుకొచ్చి కాగితాలు పెడితే చదవకుండా సంతకాలు చేసి ఎంత ఏడ్చామో కూడా మరవకూడదు. కార్బన్‌లో రెండూ ఉన్నాయి. మనం నిజం రాయాలి, వాళ్ల కాగితం మనం చదవాలి. నమ్మకం కొనేవాడికే కాదు, అమ్మేవాళ్లకీ కావాలి.

కాబట్టి మా గ్రామ సంఘం తరఫున ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఏ కార్బన్ ఒప్పందమైనా తెలుగులో కాగితం ఉంటేనే, గ్రామసభలో పైకి చదివాకే సంతకం. ఒక్కొక్కరి ఇంటికెళ్లి సంతకాలు తీసుకోవడానికి ఒప్పుకోవద్దు.

ఎన్నేళ్లు, టన్నుకు ఎంత, అందులో మధ్యవాళ్లకు ఎంత, మన ఖాతాలో ఎంత, చెట్టు తుపానుకు పడిపోతే ఎవరిది బాధ్యత, మధ్యలో మనం మానుకోవాలంటే ఏం కట్టాలి, ఈ ఆరు ప్రశ్నలకు జవాబు అంకెల్లో రాసి ఉండాలి.

వంటకట్టెలు, అడ్డాకులు, చింతపండు, పశువుల మేత తెచ్చుకునే హక్కు ఎక్కడా పోకూడదు. అది పోయేటట్టుంటే ఎంత డబ్బయినా వద్దు.

ప్రతి గ్రామ సంఘం ఏటా వానలు వెళ్లాక ఒకసారి, ఎండాకాలం చివర ఒకసారి చెట్లు లెక్కపెట్టాలి. పక్క ఊరి సంఘం వాళ్లు వచ్చి మన లెక్క చూడాలి, మనం వెళ్లి వాళ్లది చూడాలి. చచ్చిన మొక్కకు కూడా పుస్తకంలో ఒక గడి ఉండాలి, ఎందుకు చచ్చిందో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న పుస్తకాన్ని మండల సమాఖ్య ఒప్పుకోకూడదు.

ఈ చివరి దానికి కొందరు అక్కలు నవ్వుతున్నారు. నవ్వండి. మేమూ మొదట్లో పరువు పోతుందనే అనుకున్నాం. కానీ పోయిన నెల మా ఊరికి వచ్చిన బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు ఆ చెట్ల పుస్తకం అడిగి తీసుకుని, చచ్చిన మొక్కల పేజీ తిప్పి చూసి, "ఇది ఎవరు రాశారు" అని అడిగారు. మేం భయపడుతూనే చెప్పాం. "ఇలా రాసేవాళ్ల మిగతా లెక్కలు నేను మళ్లీ కూడక్కర్లేదు" అన్నారు.

ఆ రోజు ప్రశ్న అడిగిన పెద్దమ్మ ఈ సభకు రాలేకపోయింది, మోకాళ్ల నొప్పులు. ఆమె గట్టు మీద చచ్చిన చోట ఈ వానలకు మళ్లీ మొక్కలు పెట్టాం. ఎన్ని బతికాయో దీపావళి వెళ్లాక లెక్కపెట్టి, ఎన్నుంటే అన్నే వచ్చే ఏడాది నివేదికలో రాస్తాం.